తడవని ఇటుక

ఖణ్.

సందు మలుపు తిరగకముందే ఆ మోత కృపారాణి చెవిన పడింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఖణ్. ఇటుక మీద ఇటుక పడుతున్నది. ఎవరో ఒక్కొక్కటే తీసి ఒకచోటికి విసురుతున్నారు. ఆమె స్కూటరు ఆపి, కళ్లు మూసుకొని, ఇంకో మూడు మోతలు విన్నది. మూడూ ఒక్క తీరే. కంచు మీద కొట్టినట్టు పుట్టి, సన్నగా సాగి, కొసకు చేరి ఆగుతున్నాయి.

ఇటుక మంచిది. బాగా కాలిన ఇటుక. సరిగా కాలనిదైతే అంత స్పష్టంగా పలకదు. డబ్బుమని మూలిగి ఊరుకుంటుంది.

గడియారం చూసుకున్నది. పదీ ముప్పై అయిదు. సాయంత్రం నాలుగింటికి కనకయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. చేతిలో ఉన్నది అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

కృపారాణి కోరుట్లలో ప్రైవేటు డిటెక్టివు. గల్ఫ్‌లో జాడ తప్పిన మగవాళ్లను వెతికిపెట్టడం ఆమె రోజువారీ పని. నిన్న సాయంత్రం మల్యాల నుంచి వచ్చిన సారక్క మాత్రం అట్లా వెతకమనలేదు. తన భర్త ఎక్కడున్నాడో ఆమెకు బాగా తెలుసు. లాకప్పులో ఉన్నాడు.

“తట్ట మోసే మనిషి చెల్లె,” అన్నది సారక్క. “గోడ కూలితే తప్పు తట్టదా? ఆదివారం ఇమానం ఎక్కాలె. కేసు పడ్డదంటే పాస్‌పోర్టు మళ్ల చేతికి రాదు. ఇంక ఏ దేశం పోతడు, ఏ దేశంల బతుకుతడు?”

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. ఆ జూలై వానకు వాగు ఊరి మీదికి ఎక్కింది. ఇబ్రహీంపట్నం మండలంలోని ఈ ఊరిలో గీత అనే ఆమె ఇంటి వెనక గోడ కూలిపోయింది. దుబాయిలో ఉన్న భర్త నరేశ్, మల్యాల ఓదెలు మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ పని ఇవ్వవద్దన్నాడు. కొత్త గోడ శనివారం పూర్తయింది. గురువారం పొద్దున ఆరూ ఇరవైకి, గాలి కూడా లేనప్పుడు, గీత అత్త గౌరవ్వ మీద పడింది. గౌరవ్వ పోయింది. ఓదెలు దొరకలేదు. దొరికింది అతని కింద పనిచేసే కనకయ్య, సారక్క భర్త.

సందు తిరిగేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు కూలిన గోడను ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. నీడన కుర్చీ వేసుకొని ఎస్సై జలపతి టీ తాగుతున్నాడు. పక్కనే జీపు. జీపులో, బేడీల చేతులను మోకాళ్ల నడుమ దాచుకొని, కనకయ్య.

“అచ్చిండ్రా డిటెక్టివ్ మేడం!” అన్నాడు జలపతి. “దుబాయిల తప్పిపోయినోళ్లంత దొరికిండ్రా? గిటు మళ్లిండ్రు!”

“ఇటుకలు ఎందుకు తీపిస్తున్నరు సార్? నేను సూడనే లేదు.”

“మీరు సూడాల్నని చట్టంల ఉన్నదా? ఫోటోలు తీసినం, పంచనామా అయింది. కల్తీ ఇటుక, కల్తీ సిమెంటు. మేస్త్రి పైసలు మింగిండు, పరారైండు. గీడు తోడుదొంగ. ఆదివారానికి టికెట్టు గూడ తీసిపెట్టుకున్నడు. ఇంకేం గావాలె?”

ఆమె కుప్పలోంచి రెండు ఇటుకలు తీసి, ఎస్సై చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టింది. ఖణ్. టీ గ్లాసు ఒలికింది.

“కల్తీ ఇటుక గిట్ల పలుకదు సార్. మీ చెవినే సాక్షిగా రాసుకోండ్రి.”

కానిస్టేబుల్ ఒకడు నవ్వబోయి, ఎస్సై మొహం చూసి మానుకున్నాడు.

కృపారాణి కూలిన గోడ ముందు కూర్చున్నది. ఆమె తల్లి ఇరవై ఏళ్లు మేస్త్రీల కింద ఇటుకలు మోసింది. కృపారాణికి మొదటి బడి ఇసుక కుప్ప, తర్వాతే పలక. అందుకే ఇక్కడ ఆమె చూపు తడబడలేదు. ఒక ఇటుకను తిరగేసింది. శుభ్రం. ఇంకోటి తిరగేసింది. అదీ శుభ్రం. బట్టీలోంచి ఇప్పుడే తీసినట్టు, ఏ ముఖానికీ సిమెంటు మరక అంటలేదు. ఇటుకల నడుమ ఉండాల్సిన సిమెంటు వేరే పడి ఉన్నది, అప్పడంలా, ఒకే పలకగా. ఆ పలకను మోకాలికేసి కొట్టింది. గట్టిగానే ఉన్నది. పొడి రాలలేదు.

ఇటుక మంచిదే. సిమెంటు మంచిదే. ఒకదాన్నొకటి పట్టుకోలేదు, అంతే.

లేచి పాత గోడ అంచు చూసింది. కొత్త గోడను పాతదానితో కలపాలంటే పాత గోడలో వరుస విడిచి వరుస ఒక ఇటుక తీసి, కొత్త ఇటుకను లోపలికి దూర్చాలి. ఇక్కడ ఒక్క ఇటుకా తీయలేదు. కొత్త గోడ పాత గోడకు ఆనుకొని నిలబడింది, తెలియని మనిషి పక్కన నిలబడ్డట్టు.

“మోసం చేసేటోడు సామాను మీద మిగిలించుకుంటడు సార్,” అన్నది. “గీ గోడల సామాను తక్కువ లేదు. పని తక్కువున్నది. ముప్పై ఏండ్లు గోడలు కట్టిన చెయ్యి కాదు గిది.”

“మీ అభిప్రాయం గోడకు చెప్పుకోండ్రి. అది పడిపోయింది.”

గీత గడప మీద కూర్చొని ఉన్నది. రెండు రోజులుగా ఆమెను పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగి పోతున్నారు, గోడ పని ఎవరికిచ్చినవని. కృపారాణి కూడా అదే అడగాలి. వేరేగా అడిగింది.

“గీతా, ఓదెలు మేస్త్రిని నువ్వు కంట్ల జూసినవా?”

“లేదక్కా. మా ఆయన రూముల గా నంబరే తిరుగుతదట. ఆ గదిల ఉండేటోళ్లందరి ఇండ్లు ఆయనే కట్టిండట. సిరిసిల్ల దాక పేరున్నదన్నరు. నేను ఫోను జేసిన, కనకయ్య అచ్చిండు.”

“ఫోన్ల మాట్లాడిండా?”

“ఓ ఆడామె మాట్లాడేది. మేస్త్రి పని మీదున్నడు, సాయంత్రం చెప్త అనేది. ఆరుసార్లు జేసిన. ఆరుసార్లు గదే మాట.” గీత వంటింటి పొయ్యి వైపు చూసింది. “కొత్త గోడకు రెండుపూటల నీళ్లు కొట్టుమన్నరు. పొయ్యి మీద పాలున్నయి, నువ్వు కొట్టు అత్తా అన్న. నేనే అన్న అక్కా. మా ఆయన ఫోన్ల ఏమంటున్నడు ఎరికేనా? ఒక్క పని ఒప్పజెప్పితే గది గూడ చేతగాలె అంటున్నడు.”

కృపారాణి కుప్ప వైపు చూసింది. కట్టేముందు తాగాల్సిన నీళ్లు ఆ ఇటుకలు కట్టాక తాగాయి. తాగించడానికి వచ్చిన చేతినే తీసుకుపోయాయి.

జలపతి కుర్చీలోంచే కాగితాలు ఆడించాడు. “ఫోను లెక్క మా దగ్గర గూడ ఉన్నది మేడం. వరద అచ్చిన తెల్లారినుంచి నిన్నటిదాక నలభై ఒక్క కాల్స్. అన్నీ ఎత్తిండ్రు. అన్నీ మల్యాల టవరే. మనిషి ఇంట్లనే ఉన్నడు, పెండ్లాం కొంగుసాటున.”

“నలభై ఒక్కట్ల మగగొంతు విన్నోళ్లు ఎందరు సార్?”

“మీకు గొంతు గావాల్నా, మనిషి గావాల్నా?”

ఆమె జీపు దగ్గరికి నడిచింది. కనకయ్య తల ఎత్తలేదు. సిమెంటు తిని తెల్లబడ్డ వేళ్లు, వంగిన భుజాలు.

“కనకయ్యన్నా, సారక్క పంపింది. ఒక్కటే అడుగుత. ఇటుకలు ఎప్పుడు తడిపినవ్?”

“తడుపుడేంది మేడం?” అతనికి ప్రశ్న అర్థం కాలేదు. “గవ్వి తడిసే ఉంటయి గదా. పొద్దుగాల్ల మేం పనికి పోయేసరికే తడిసి ఉంటుండె.”

“ఎవలు తడుపుతుండె?”

కనకయ్య నోరు తెరిచి ఆగిపోయాడు. అదే ప్రశ్నను తనకు తాను వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. “ఎవలు తడుపుతుండె... మేం పొద్దుమూకంగ దిగిపోతుంటిమి. మీరు నడువుండ్రా, నేను బీడీ తాగి అస్త అంటుండె మేస్త్రి. ఒక్కడే ఉంటుండె. పన్నెండేండ్లు గంతే.”

మాట అక్కడ తెగింది. పన్నెండేళ్లు తట్ట మోశాడు, సిమెంటు మాలు కలిపాడు, గోడ లేవడం కళ్లారా చూశాడు. చీకటి పడ్డాక ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఇటుకల మీద నీళ్లు పోయడం ఒక్కటే చూడలేదు. పొడి ఇటుక సిమెంటులోని నీటిని పీల్చేస్తుంది. పీల్చాక ఆ సిమెంటు దేన్నీ పట్టుకోదు. కనకయ్య కుప్ప వైపు చూశాడు. తెల్లటి వేళ్లను చూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

“అంటే నేనేనా మేడం? ముసలామెను నేనేనా?”

“రాసుకో!” జలపతి లేచాడు. “గోడ కట్టింది తనేనని ఒప్పుకున్నడు. రాసుకో!”

“సగం రాసుకుంటే ఎట్ల సార్?” ఆమె జీపు తలుపుకు అడ్డం నిలబడింది. “అన్నా, నిన్ను కట్టుమన్నది ఎవలు?”

“వదినె. మేస్త్రి పెండ్లాం. ఆయన ఎనుక అస్తడు, నువ్వు మొదలువెట్టు అన్నది. ఇయ్యాల అస్తడు, రేపు అస్తడు అని ఎదురుసూసుకుంటనే కట్టిన. అచ్చి తప్పుంటే కూలగొట్టి మళ్ల కట్టిస్తడు అనుకున్న.”

“మేస్త్రిని సూసి ఎన్ని దినాలైంది?”

“వానకు ముందుదినం.”

జలపతి నవ్వాడు. “ఆ వదినె స్టేట్‌మెంటు మొన్ననే తీసుకున్న. మొగుడు పనికి పోయిండట, ఏ ఊరో తెల్వదట. మొగని పేరేందంటే నోరు తెరువది! పక్కింటి భూమవ్వ చెప్తే రాసుకున్నం. మా అవ్వ గూడ గంతే అనుకోండ్రి, పేరు తీస్తె మొగని ఆయుష్షు తగ్గుతదని సచ్చేదాక మా నాయిన పేరు అనలే.” నవ్వు ఆపాడు. “నాలుగింటికల్ల ఓదెలును సూపెట్టుండ్రి మేడం. లేకుంటే మీ తట్ట మనిషి లోపలికే.”

*

మల్యాల చేరేసరికి పన్నెండూ యాభై. దారి పొడుగునా కృపారాణి మూడు సంగతులను ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. ఇటుకను ఎరిగిన చెయ్యి ఆ గోడను ముట్టలేదు. నలభై ఒక్క కాల్స్‌లో మగగొంతు విన్నామన్నవారు ఒక్కరూ లేరు. వానకు ముందురోజు తర్వాత మేస్త్రీని చూసినవాడు లేడు. మూడూ ఒకే దిక్కు చూపుతున్నాయి. ఆ దిక్కు నడవడానికి ఆమెకు మనసు రావడం లేదు.

ఇంటి ముందు నిలబడి ఆ నంబరుకు ఫోను చేసింది. లోపల మోగింది. రెండు మోతలకే ఎత్తారు.

“ఎవలు? ఆయన పని మీదున్నడు. సాయంత్రం చెప్త.”

ఆ మాట ఒక చెవికి ఫోనులోంచి, ఇంకో చెవికి తలుపులోంచి వచ్చింది. కృపారాణి ఫోను కట్ చేసి లోపలికి అడుగుపెట్టింది.

మొగిలవ్వ నేల మీద కూర్చొని బీడీలు చుడుతున్నది. ఒడిలో చేట, చేటలో ఆకు. నొసట పెద్ద బొట్టు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. కిటికీలో ఫోను, ఫోనుకు చార్జరు.

“కోరుట్ల నుంచి అచ్చిన అవ్వా. పేరు కృపారాణి. కనకయ్య తరఫున.”

“కూసో బిడ్డా.” వేళ్లు ఆగలేదు. “ఆయన ఇంట్ల లేడు.”

“ఏ ఊరు పోయిండు?”

“గొల్లపల్లి దిక్కు.”

“పొద్దుగాల్ల ఎన్నింటికి?”

“ఏడింటికి.”

“ఏం పట్టుకపోయిండు?”

“సద్ది.”

“తాపీ పట్టుకపోలేదా?”

వేళ్లు ఆగాయి. గోడ గూట్లో తాపీ ఉన్నది. కృపారాణి లేచి, రెండు చేతులా దాన్ని తీసింది. చెక్కపిడి మీద బొటనవేలు ముప్పై ఏళ్లు ఆనిన గుంత. రేకు మీద కుంకుమ రంగు తుప్పు. రోజూ పనిలో ఉన్న తాపీ అద్దంలా మెరుస్తుంది. ఇది నెల దాటి నిద్రపోతున్నది.

“మా అమ్మ ఇరవై ఏండ్లు మేస్త్రిల కింద పనిజేసింది అవ్వా. సద్ది మరిచిపోయినోన్ని సూసింది. తాపీ మరిచిపోయి పనికి పోయినోన్ని ఒక్కన్ని సూడలె.”

మొగిలవ్వ చేటలోకి చూసింది. ఆకు ఆమె వేళ్ల నడుమ చినిగింది. ఫోను మోగింది. దుబాయి నంబరు. ఆమె లేచి, కొంగుతో మొహం తుడుచుకొని, ఎత్తింది.

“మహేందరా... తిన్నవా కొడుకా? మీ నాయిన పని మీదున్నడు. ఊకె అడుగకు. వరదకు కూలిన ఇండ్లు గిన్నిగన్ని గావు, ఊపిరి తీస్తలేడు. సాయంత్రం చెప్త.”

పెట్టేసింది. తనది నలభై రెండు, ఇది నలభై మూడు, అనుకున్నది కృపారాణి.

అప్పుడే బయట జీపు ఆగింది. ఆమె వెనకే జలపతి వచ్చాడు. బూట్లతోనే లోపలికి దూసుకెళ్లాడు. పెరటి గది తలుపు తన్నిన మోత. బియ్యం డ్రమ్ము మూత పడిన మోత. అటక మీద సామాను జారిన మోత. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో మగమనిషి చెప్పుల జత. దుమ్ము పట్టి ఉన్నది.

“ఎక్కడ దాసినవ్? చెప్తవా, జీపెక్కుతవా?”

పక్కింటి భూమవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక, జీపులోంచి, ఒక గొంతు. మెత్తగా, నమ్మకంగా.

“వదినే! మేస్త్రి అచ్చిండా? ఇటుకల ముచ్చట ఆయనకు చెప్పాలె. నేను తడుపలేదు వదినే. నాకు ఎరుకలేకుండె.”

మొగిలవ్వ గుమ్మం దాకా నడిచి ఆ బేడీలను చూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి వచ్చి కూర్చున్నప్పుడు ఒడిలో చేట లేదు.

“ఆ రాత్రి ఎవలో ఫోను జేసిండ్రు బిడ్డా,” అన్నది కృపారాణితోనే. “గోడ ఒరుగుతున్నది, పిల్లలున్నరు, రమ్మన్నరు. పోకు అన్న. నేను కట్టిన గోడనే అన్నడు. వానల తడుస్తదని ఫోను చార్జింగుకు వెట్టిండు. చెప్పులు జారుతయని ఇడిసిండు. వాగు నడుమదాక బ్యాటరీలైటు కనవడ్డది. తర్వాత కనవడలె.”

మొగిలవ్వ ఎస్సై చేతిలోని చెప్పుల వైపు చూసింది.

“తెల్లారి ఠాణాకు పోయి చెప్పుకున్న. శవం సూపెట్టుమన్నరు. లేకుంటే తప్పిపోయిండని రాస్తమన్నరు. మూడు దినాలు వాగు ఒడ్డు పొంటి తిరిగిన. తిరిగి తిరిగి ఇంటికచ్చిన ప్రతిసారి గా ఫోను మోగుతనే ఉన్నది. మేస్త్రి ఉన్నడా, మేస్త్రి రావాలె, ఆయన తప్ప ఇంకొకల్లు మాకద్దు. పేరువెట్టి పిలుస్తున్నరు. పని మీదున్నడు అన్న. ఊకెనే నోటికచ్చింది. అన్నంక పానం నిమ్మలమైంది. ఫోను మోగినంతసేపు ఉన్నడనిపిచ్చేది.”

“పని ఎందుకు ఒప్పుకున్నవ్ అవ్వా?”

“ఒప్పుకోకుంటె మళ్ల ఫోను జెయ్యరు గదా బిడ్డా.”

జలపతి చెప్పులను కింద పడేశాడు. “కథలు! నేను గిది రాసుకుంట, రేపు మొగుడు దుబాయిల తేలుతడు. శవమున్నదా? సాక్షమున్నదా? వాగు సాక్షమా?”

కృపారాణి గడియారం చూసింది. ఒంటిగంటా నలభై. కోర్టున్న జగిత్యాలకు అరగంట. సమయం ఉన్నది. కావలసిన సాక్ష్యం కూడా ఈ గదిలోనే ఉన్నది. అది ఏమిటో ఆమెకు తెలుసు. అడిగితే ఒక మనిషి బేడీలు వదులవుతాయి. అడిగితే ఇంకో మనిషి చేతుల గాజులు మిగలవు. ఆ నోటితో ఆ మాట అనిపించేది తనేనని కూడా ఆమెకు తెలుసు.

“సార్, కొత్త కాగితం తీయుండ్రి,” అన్నది. “అవ్వా, గీ ముచ్చట కాగితం మీదికెక్కితే నీ మీద కేసు పడుతది. దాచిపెట్టను. కనకయ్యను పంపింది నువ్వే అని రాస్తరు. ఆయన పేరు గూడ రాయాలె. ఇంకొకల్లు చెప్పుడు గాదు. నువ్వే చెప్పాలె.”

జలపతి కొత్త కాగితం తీశాడు. అతని కలం కాగితం మీద ఆగింది.

భూమవ్వ అలవాటుగా ముందుకొచ్చి పేరు చెప్పబోయింది. మొగిలవ్వ చెయ్యెత్తి ఆపింది. గాజులు గలగలమన్నాయి. ఆపిన చేతిని చూసి భూమవ్వ మొహం పాలిపోయింది.

“అద్దు మొగిలీ,” అన్నది ఏడుపు గొంతుతో. “అద్దే. నేను చెప్తనే. నువ్వద్దే.”

“పన్నెండేండ్లు ఆయన తట్ట మోసిండే కనకయ్య,” అన్నది మొగిలవ్వ. “ఇంక నా అబద్ధం గూడ మొయ్యాల్నా? ఆదివారం కనకయ్యకు ఇమానం ఉన్నది.”

కిటికీలో ఫోను మళ్లీ మోగింది. ఎవరింటి గోడో, ఏ దేశంలోని మొగుడో. ఆమె అటు చూడలేదు. మోగి మోగి అది ఆగిపోయే దాకా ఆగింది. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా పలకని ఆ పేరును, కలం పట్టుకున్న మనిషికి స్పష్టంగా వినబడేట్టు, పైకి అన్నది.

“ఓదెలు.”